తాళం వేసిన చెయ్యి

కటింగ్ మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆ కుట్టుషాపులో అందరికీ తెలుసు. అది ఎక్కువసేపు నిలవదనీ, గుడ్డ మీద సుద్దగీతలా ఒక్కసారి దులిపితే పోతుందనీ కూడా తెలుసు. ఆ రోజు మాత్రం పోలేదు. పోకపోగా, ఆయన చేత చేయకూడని పని ఒకటి చేయించింది.

అసలు గొడవంతా జానెడు నీడ గురించి. షాపు వెనక సందులో రేకుల చూరు కింద ఒక ఇనప స్తంభం ఉంది. అక్కడ ఒక్క సైకిలుకే నీడ. షాపు తెరిచినప్పటి నుంచీ ఆ స్తంభానికి ఆనేది మాస్టారి సైకిలే. ఎవరూ రాసివ్వలేదు, ఎవరూ కాదనలేదు కూడా. అలాంటిది, చొక్కాలకు గుండీలు కుట్టడానికి కొత్తగా చేరిన అమ్మాయి మొదటి రోజే తన సైకిల్ తెచ్చి అక్కడ ఆనించింది. ఆ అమ్మాయిని అందరూ గుండీలమ్మాయి అనేవాళ్ళు.

మాస్టారు మంచిగానే చెప్పి చూశాడు. "అమ్మాయ్, అది నా చోటమ్మా."

"అయ్యో, అవునా బాబాయ్ గారూ! రేపట్నుంచి పెట్టను," అని పళ్ళన్నీ కనబడేలా నవ్వేది. మర్నాడు చూస్తే మళ్ళీ అక్కడే! పొగరు కాదు, ఒట్టి మతిమరుపు. పొద్దున్నే ఆయాసపడుతూ వచ్చి, ఖాళీ ఎక్కడ కనబడితే అక్కడ సైకిల్ పడేసి లోపలికి దూరే రకం. ఆ సంగతి మాస్టారికి ఎవరు చెప్పాలి? చెప్పినా వింటేనా?

ఆ మధ్యాహ్నం భోజనాల వేళ సందులోంచి ఢామ్మని చప్పుడొచ్చింది. మాస్టారు చెయ్యి కడుక్కోకుండానే పరుగెత్తాడు. ఎండలో నిలబెట్టిన ఆయన సైకిలు వెనక ట్యూబు పేలి చక్రం చతికిలబడింది. పక్కనే నీడలో గుండీలమ్మాయి సైకిల్ చల్లగా నిలబడి ఉంది.

"చూడు చూడు, దీని దర్జా!" అని పళ్ళు నూరాడు. ఎవరితో అన్నాడంటే, ఆ సైకిల్‌తోనే.

ఆయన సీటు కింద సంచిలో ఎప్పుడో వాడటం మానేసిన గొలుసూ తాళమూ ఉన్నాయి. తాళంచెవి కూడా దానికే వేలాడుతోంది. గొలుసు తీశాడు, ఆమె వెనక చక్రంలోంచి దూర్చి స్తంభం చుట్టూ తిప్పాడు, తాళం నొక్కేశాడు. సాయంత్రం ఇంటికెళ్ళే వేళకు కాసేపు గిలగిల్లాడించి, ఓ చీవాటు పెట్టి తీద్దామని లెక్క. చెవి జేబులో వేసుకుని లోపలికొచ్చి కత్తెర పట్టుకున్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ కాసేపూ మహా హుషారుగా ఉన్నాడు. కూనిరాగం కూడా తీశాడు.

ఆ కూనిరాగం మధ్యలోనే గుండీలమ్మాయి ఆయన బల్ల దగ్గరికొచ్చింది.

"బాబాయ్ గారూ, కుట్టాల్సినవి ఏమన్నా ఉంటే ఇప్పుడే ఇచ్చెయ్యండి. ఇవాళ నేను తొందరగా వెళ్ళిపోతా. మా నాన్నకి కంటికట్టు విప్పుతారు."

"కంటికట్టేంటి?"

"ఆపరేషనయింది కదండీ. రెండు కళ్ళకీ పొరలు కమ్మేసి, నా మొహం చూసే ఏళ్ళయిపోయింది ఆయన. కట్టు విప్పగానే ముందు నువ్వే కనబడాలే, ఇంకెవరి మొహమూ నాకొద్దు అని ఒట్టేయించుకున్నాడు." నవ్వింది గానీ ఈసారి ఆ నవ్వు కాస్త వణికింది. "నాలుగింటికి డాక్టరొస్తాడంట. సైకిలుంది కాబట్టి సరిపోయింది. బస్సయితే ఊరంతా తిరిగి వెళ్ళేసరికి చీకటి పడుద్ది. సైకిలయితే కాలిబాట వంతెన మీంచి ఇట్టే వెళ్ళిపోవచ్చు."

మాస్టారి చెయ్యి జేబులోని చెవి మీదికి పోయింది. సుద్ద అయిపోయిందని ఏదో గొణిగి, కత్తెర చేతిలో పట్టుకునే సందులోకి వచ్చేశాడు.

తాళంలో చెవి పెట్టి తిప్పాడు. తిరగలేదు. బయటికి తీసి ఊదాడు, మళ్ళీ పెట్టాడు. తాళాన్ని స్తంభానికేసి కొట్టాడు. ఉహూఁ! ఎన్నాళ్ళుగానో సంచిలో పడి తుప్పు పట్టిన సరుకు, వేసేటప్పుడు పడ్డది గానీ తీసేటప్పుడు బిగదీసుకుంది. ఇంకొకరి చెయ్యి తగలనివ్వని తన కత్తెర మొనను, తాళంలోనే ఉన్న చెవి తలకున్న రంధ్రంలో దూర్చి, బలంకొద్దీ మెలితిప్పాడు. టప్పుమంది. కత్తెర మొన విరిగింది. చెవి సగం ఆయన చేతిలో ఉంది, సగం తాళం లోపలే ఉండిపోయింది.

అప్పుడే లోపలికెళ్ళి చెప్పేసి ఉంటే ఏ గొడవా లేకపోయేది. చెబుదామనే వెళ్ళాడు పాపం. కుట్టుమిషన్ల వరసంతా దాటి ఆమె స్టూలు దాకా వెళ్ళాడు కూడా. ఇంత వయసొచ్చినవాడు, అందరికీ నీతులు చెప్పేవాడు, కూతురి ఈడు పిల్ల సైకిల్‌కి దొంగచాటుగా తాళం వేశాడంటే నలుగురూ ఏమనుకుంటారు? ఆ ఆలోచన రాగానే నోరు పెగల్లేదు. వెనక్కొచ్చి గుడ్డ కత్తిరించడం మొదలుపెట్టాడు. విరిగిన మొన తగిలినచోటల్లా దారం పీక్కొస్తోంది.

కాసేపటికి సందులోంచి గుండీలమ్మాయి కేక వినబడింది. మిషన్లన్నీ ఆగిపోయాయి. అందరూ బయటికి పరుగెత్తారు. అందరికంటే వెనక మాస్టారు, చేతిలో కత్తెరతోనే, తేలు కుట్టిన దొంగలా.

"ఎవడే ఈ పని చేసింది? వాడి చేతులు పడిపోను!" అంటూ అందుకుంది ఓవర్‌లాక్ అక్క. గుడ్డ అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీద కూర్చుంటుంది కాబట్టి ఆ పేరొచ్చింది గానీ ఆవిడ నోటికి మాత్రం ఏ లాకూ లేదు. మాస్టారు తన చేతులు రెండూ వెనక్కి పెట్టుకున్నాడు.

"రోజూ సరుకు దింపే పార్శిల్ బండివాడే అయ్యుంటాడు. వాడికి ఒళ్ళంతా తిక్కే," అన్నాడు ఇస్త్రీ అతను. "ఏమంటారు మాస్టారూ?"

"అయ్యుండొచ్చు," అన్నాడు మాస్టారు.

ఆ ఒక్క మాట నోట్లోంచి ఎలా వచ్చిందో ఆయనకే తెలీదు. వచ్చాక సిగ్గుతో చెవులు కాలిపోయాయి. వెనక్కి తీసుకుందామంటే ఎలా?

"తాళం కోసేద్దాం," అంది ఓవర్‌లాక్ అక్క.

"వద్దక్కా," అంది గుండీలమ్మాయి. కళ్ళ నిండా నీళ్ళు, అయినా వద్దంటోంది. "ఎవరో పాపం చూసుకోకుండా వేసుంటారు. కోసేస్తే వాళ్ళకి తాళం లేకుండా పోద్ది. కాస్త నూనె పోసి చూద్దాం, ఊడొస్తుందేమో."

మిషన్లకు వేసే నూనె డబ్బా తెచ్చారు. పోశారు, కుదిపారు, ఇంకాస్త పోశారు. ఆమె నేల మీద కూర్చుని, చేతులూ మొహమూ నల్లగా చేసుకుంటూ ఆ తాళాన్ని పట్టి లాగుతోంది. సందు చివర నీడ జరుగుతోంది, టైమైపోతోంది. మాస్టారు చూడలేకపోయాడు.

"నూనె ఎంత పోసినా లాభం లేదమ్మా! చెవి ముక్క లోపలే ఉండిపోయింది!" అని అరిచేశాడు.

అందరూ ఆయన వైపు తిరిగారు.

"మీకెలా తెలుసు?" అన్నాడు ఇస్త్రీ అతను.

 గుండీలమ్మాయి తలెత్తి మాస్టారి మొహం చూసింది. అరుపుతో పాటు ముందుకొచ్చిన ఆయన చేతిలోని కత్తెర చూసింది, మొన లేని ఆ కత్తెరను. మళ్ళీ మొహం చూసింది.

"అదేంటన్నయ్యా అలా అడుగుతావు?" అంది నెమ్మదిగా. "మనిషిని చూసి చొక్కా కొలత చెప్పేస్తారు బాబాయ్ గారు. తాళం చూసి ఆ మాత్రం చెప్పలేరా?"

ఆ మాటకు మాస్టారికి చెంప మీద కొట్టినట్టయింది. నిజంగా కొట్టినా బాగుండేది. ఇంక అక్కడ నిలబడలేక పక్క వీధి వెల్డింగ్ షాపుకు పరుగెత్తి ఇనుము కోసే రంపం తెచ్చాడు. ఇస్త్రీ అతను పట్టుకోబోతే ఇవ్వలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, రొప్పుతూ, తనే కోశాడు. రంపం జారి అరచెయ్యి చీరుకుపోయినా ఆపలేదు.

తాళం తెగి కిందపడింది. గుండీలమ్మాయి దాన్నీ గొలుసునూ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"ఇవి మీ దగ్గరుంచండి బాబాయ్ గారూ. ఎవరైనా నాదే అని వస్తే ఇచ్చెయ్యండి," అంది. సైకిలెక్కి వెళ్ళిపోయింది. నాలుగు ఎప్పుడో దాటింది.

ఆ రాత్రి మాస్టారికి ముద్ద దిగలేదు. భార్య ఏమైందని అడిగితే చెయ్యి కోసుకుపోయిందన్నాడు. కంచం ముందు కూర్చుని ఆ ముసలాయన గురించే ఆలోచించాడు. ఏళ్ళ తరవాత వెలుతురు చూసిన కళ్ళకు ముందుగా ఎవరో నర్సు కనబడి ఉంటుంది. లేదంటే గోడ. అది తన పుణ్యమే.

మర్నాడు గుండీలమ్మాయి అందరినీ పోగేసి చెప్పింది. "ఏం చెప్పమంటారు మా నాన్న సంగతి! కట్టు విప్పారు. కళ్ళు తెరవండి తాతా అంటే ససేమిరా తెరవడే! గట్టిగా మూసుకుని కూర్చున్నాడు. నర్సు తిట్టింది, డాక్టరు విసుక్కుని వెళ్ళిపోయాడు. నేను వెళ్ళేసరికి బెంచీ మీద అలాగే ఉన్నాడు. నాన్నా అన్నాక తెరిచాడు. తెరిచి, మొహానికి ఆ మసేంటే అన్నాడు!"

అందరూ పడీపడీ నవ్వారు. మాస్టారు కూడా నవ్వబోయాడు, ఏడుపొచ్చింది. బల్ల కిందికి వంగి సుద్దముక్క వెతుకుతున్నట్టు నటించాడు. తెగిన తాళం అక్కడే ఉంది, బల్ల కింద గుడ్డపేలికల బుట్టలో.

ఆ రోజు నుంచి ఆమె సైకిల్ ఎండలోనే పెట్టింది. ఒక్కనాడూ మరిచిపోలేదు. మాస్టారు కూడా ఎండలోనే పెట్టాడు. రేకుల కింద స్తంభం దగ్గర నీడ ఊరికే పడి ఉండేది. ఓవర్‌లాక్ అక్క, "మీ ఇద్దరికీ ఏమన్నా పిచ్చా?" అని రోజూ తిట్టేది. రోజూ పొద్దున్న మాస్టారు ఇవాళ చెప్పేస్తానని బయల్దేరేవాడు. సాయంత్రం చెప్పకుండానే ఇంటికెళ్ళేవాడు. ఆమె మాత్రం మునుపటిలాగే బాబాయ్ గారూ అని పిలిచేది. ఆ పిలుపు విన్నప్పుడల్లా ఆయన తల ఇంకొంచెం కిందికి దిగేది.

కొన్నాళ్ళకు ఒక పెద్దాయన నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కూతురి చెయ్యి పట్టుకుని షాపులోకి వచ్చాడు. కూతురు పనిచేసే చోటు చూస్తానని పట్టుబట్టాడట. మిషన్లు చూశాడు, గుండీల డబ్బాలు చూశాడు, ఇస్త్రీపెట్టె ఎంత బరువని అడిగాడు.

"ఆ రోజు తాళం కోసిన మాస్టారు ఎవరు?" అన్నాడు.

మాస్టారు బల్ల వెనకాల నిలబడ్డాడు, తల వంచుకుని. పెద్దాయన పాత అలవాటుకొద్దీ తడుముకుంటూ వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అరచేతిలో మానుతున్న గాటు మీద వేలు రాశాడు.

"ఈ చెయ్యే కదూ బాబూ, మా అమ్మాయిని నా దగ్గరికి పంపింది?" అని, కళ్ళద్దాలు పైకి తోసి, ఆ చేతిని కళ్ళకద్దుకోబోయాడు.

మాస్టారు చెయ్యి లాగేసుకున్నాడు. "వద్దండీ! వద్దు. కోసింది ఈ చెయ్యే. తాళం వేసింది కూడా ఈ చెయ్యే." వంగి, బుట్టలోంచి తాళం తీసి బల్ల మీద పెట్టాడు. జేబులోంచి విరిగిన చెవి ముక్క తీసి దాని పక్కన పెట్టాడు. "నీడ కోసం వేశాను. పార్శిల్ బండివాడి మీదికి తోశాను. ఇన్నాళ్ళూ నోరు మూసుక్కూర్చున్నాను."

ఓవర్‌లాక్ అక్క మిషన్ ఆపేసి లేచింది. 

పెద్దాయన కూతురి వైపు తిరిగాడు. "పందెంలో నేనే ఓడిపోయానే," అన్నాడు. మళ్ళీ మాస్టారితో చెప్పాడు. "తాళం వేసింది మీరేనని ఆ రోజే చెప్పింది నాకు. ఆ మనిషి చచ్చినా ఒప్పుకోడన్నాను నేను. 'చెప్తారు నాన్నా, మంచివారే, కాస్త టైం పడుద్ది' అంది ఇది. రోజూ ఇంటికి రాగానే అడిగేవాణ్ణి, చెప్పాడా అని. ఇంకా లేదు నాన్నా అనేది. రోజూ అదే మాట."

గుండీలమ్మాయి సూది పట్టుకుని కిందికే చూస్తోంది. మాస్టారు కూడా కిందికే చూస్తున్నాడు. రోజూ అదే మాటట. తను తల దించుకుని ఆమె ముందు నుంచి వెళ్ళిన ప్రతి సాయంత్రమూ ఆ పిల్ల ఎదురుచూసిందన్నమాట.

"ఏదీ, మొహం చూడనివ్వండి," అన్నాడు పెద్దాయన. "డాక్టరు నన్ను వంగొద్దన్నాడు. మీరే తలెత్తాలి."

మాస్టారు తలెత్తడానికి చాలాసేపు పట్టింది. పెద్దాయన అంతసేపూ అక్కడే నిలబడ్డాడు.