ఏడో పాఠానికి వచ్చే పిల్ల

తెల్లవారి ఐదున్నరకల్లా శ్రీ సిటీకి పోయే కంపెనీ బస్సు ఏర్పేడు కూడలిలో ఆగుతుంది. ఆలోపు కృపామణి రెండు క్యారియర్లు కట్టాలి, మొగుణ్ణి లేపాలి, లేచినవాడు మళ్లీ దుప్పటి కప్పుకోకుండా కాపలా కాయాలి. మూడింట్లోకీ కాపలాయే కష్టం. పెళ్లయి ఇరవై ఏళ్లయినా పాల్‌కు నిద్ర లేపినవాళ్ల మీద అలగడం పోలేదు. అతన్ని సాగనంపి, ఇల్లు ఊడ్చి, స్కూటీ మీద ఆమె తొమ్మిదికి జూనియర్ కాలేజీ చేరుకుంటుంది. పద్దెనిమిదేళ్లుగా అక్కడ తెలుగు చెప్పేది ఆమే.

ఆ రోజు ఏడో పాఠం. అటెండరు గురప్ప పొద్దున్నే వచ్చి సెకండియర్ గదిలో ఆఖరి బెంచీని రెండుసార్లు తుడిచాడు. ఏడో పాఠం రోజున ఆ పిల్ల వస్తుందని కాలేజీలో తెలియనివాళ్లు లేరు. కొత్తగా చేరిన పిల్లలకు కూడా ఎవరో ఒకరు ముందే చెప్పి ఉంచుతారు, ఆ బెంచీలో కూర్చోవద్దని.

పాఠం ఒక చిన్న కథ. రెండున్నర పేజీలు. కొత్తగా కాపురం పెట్టిన భార్యాభర్తలు, చాలీచాలని బతుకు, అనుకోకుండా ఆమె కడుపుతో ఉంటుంది. ఇద్దరూ బస్టాండులో నిలబడి ఉంటారు. "ఏమైనా తిన్నావా?" అని అతను అడుగుతాడు. "లేదు, పొద్దున్నుంచీ ఏమీ తినలేదు" అంటుందామె. పక్కనే అరటిపళ్ల బండి ఉంటుంది. అతను దానివైపు చూస్తాడు. బస్సు వస్తుంది, ఎక్కుతారు. ఎక్కడికని కండక్టరు అడుగుతాడు. కథ అక్కడితో అయిపోతుంది. బిడ్డను వద్దనుకుని ఆస్పత్రికి పోయారా, ఉంచుకుందామని ఇంటికి పోయారా, రచయిత చెప్పడు. చెప్పకుండా తప్పించుకుని, ఆ పని పదహారేళ్ల పిల్లల నెత్తిన పెట్టాడు. ముగింపును మీరెలా అర్థం చేసుకున్నారని పరీక్షలో ఆరు మార్కుల ప్రశ్న.

కృపామణి ఈ పాఠం మొదటిసారి చెప్పిన రోజున ఆఖరి బెంచీ మీద నెలల బిడ్డ పడుకుని కాళ్లాడిస్తూ కనబడింది. పిల్లలు జరిగి చోటిచ్చారు. గురప్ప భుజం మీది తువ్వాలు తీసి కింద పరిచాడు. పాఠం చివర ఆమె చేతులెత్తించింది. ఇంటికే పోయారని అందరూ ఎత్తారు. బెల్లు కొట్టగానే బెంచీ ఖాళీ అయింది, తువ్వాలు మీద గుంట మాత్రం మిగిలింది. మరుసటేడు ఆ బిడ్డ పాకుతూ వచ్చింది. మూడో ఏడు సుద్దముక్క మింగబోతే కృపామణి పాఠం ఆపి నోట్లో వేలు పెట్టి తీసింది. ఆ పైన పళ్లూడాయి, వచ్చాయి, జడలు పెరిగాయి. ఏడాదికొక్క పీరియడు. పిల్ల పెదవి విప్పి ఒక్క మాటా అనదు, కూర్చుని వింటుంది.

ఒక్క ఏడు కృపామణికి టైఫాయిడ్ వచ్చి, ఆ పాఠం రామచంద్ర సారు చెప్పాడు. ఆయన గైడు చూసి ఆస్పత్రికే పోయారని డిక్టేషన్ ఇచ్చేశాడు. ఆ మరుసటేడు పిల్ల అదే ఎత్తు, అదే గౌను, ఏడాదంతా ఎవరూ అన్నం పెట్టనట్టు చిక్కిపోయి వచ్చింది. అది చూశాక కృపామణి మళ్లీ ఆ రోజు సెలవు పెట్టలేదు. చంద్రగిరిలో ప్రిన్సిపాల్ పోస్టు ఇస్తామంటే రెండుసార్లు వద్దని రాసిచ్చింది. ఈమెకేమన్నా మతి పోయిందా అని స్టాఫ్‌రూములో నవ్వుకున్నారు. ప్రతి ఏడూ ఆమె పిల్లలను ఒప్పించి, బుజ్జగించి, ఒక్కోసారి గదమాయించి కూడా ఇంటివైపే చేతులెత్తించేది.

అందరూ ఆ పిల్లను కథలోని బిడ్డ అనుకునేవాళ్లు. కృపామణి మాత్రం తన బిడ్డ అనుకునేది. పెళ్లయిన రెండో ఏడు ఆమెకూ నెల తప్పింది. అప్పటికి పాల్‌కు పని లేదు, ఆమెది ఇంకా ఖాయం కాని ఉద్యోగం. "ఇప్పుడొద్దులే మణీ, నీ ఉద్యోగం నిలబడనీ, మళ్లీ కందాములే" అన్నాడు. ఆమె సరేనంది. తిరుపతిలో ఒక ఆస్పత్రికి పోయి వచ్చారు. ఉద్యోగం నిలబడింది, అతనికీ పని దొరికింది, బిడ్డలు మాత్రం మళ్లీ కలగలేదు. మొదటి ఏడు ఆ బెంచీ మీది పసిబిడ్డ గురించి ఆమె ఇంట్లో చెబితే, పాల్ "అట్లనా" అని టీవీ సౌండు పెంచాడు. ఆ రోజు ఆమె మనసు విరిగింది. మళ్లీ ఆ మాట ఎత్తలేదు, అతనూ అడగలేదు. ఈ మనిషికి రాయి ఉన్నచోట గుండె ఉండాల్సిందని ఎన్నోసార్లు అనుకుంది.

ఇప్పుడు సిలబస్ మారింది. వచ్చే ఏడు నుంచి ఏడో పాఠం ఉండదు. రెండుసార్లు పుస్తకం మారినా నిలిచిన కథ ఈసారి ఎగిరిపోయింది. ఇక పిల్ల ఏ పాఠానికి వస్తుంది? నెల రోజులుగా కృపామణికి అన్నం సహించడం లేదు. ఈసారి కూడా ఇంటికే పోయారని పిల్లల చేత గట్టిగా అనిపిస్తే, పాఠం లేకపోయినా బయట ఎక్కడో ఒకచోట పెరుగుతుందిలే అని ఆశ పెట్టుకుంది.

రెండో పీరియడు మొదలయ్యేసరికి పిల్ల బెంచీలో ఉంది. పదహారేళ్లు, క్లాసు ఆడపిల్లలంత ఎత్తు. కృపామణి కథ చదివింది, గొంతు సర్దుకుని చేతులెత్తమనబోయింది. అంతలో మూడో వరసలో నందిని లేచింది. వాళ్లది మామిడితోటల కుటుంబం. మాట్లాడితే సూటిగా మాట్లాడే పిల్ల.

"మేడం, వాళ్లు ఆస్పత్రికే పోయినారు."

"అట్లని యాడ రాసుండాది? వాంతులైతాయి గదమ్మా, అందుకే ఆమె తినలేదు."

"వాంతులయ్యే మనిషి తినబుద్ధి కాలేదంటాది మేడం. తినలేదని అనదు. మా సిన్నమ్మకు ఆపరేషన్ చేసే రోజు డాక్టరమ్మ ఏమీ తినకుండా రమ్మనింది. ఈమెకూ అట్లే సెప్పుంటారు. ఇంగొకటి. ఇంటికి పోయేవాళ్లయితే ఆయప్ప ఆ అరటిపళ్లు కొనిచ్చుండడా? పక్కనే బండి ఉండాది, సూసినాడు గూడా. కొనలేదు. తినగూడదని ఆయప్పకు తెలుసు మేడం."

అరటిపళ్ల బండి మీదుగా పద్దెనిమిదేళ్లు చదువుకుంటూ పోయింది కృపామణి, ఒక్కసారీ ఆగలేదు. ఆగకపోవడం చేతకాక కాదు, భయం వల్ల. ఆ పొద్దు తిరుపతిలో తనూ ఖాళీ కడుపుతో నిలబడింది. ఆకలికి కళ్లు తిరిగాయి. ఆ సంగతి లోకంలో ఇద్దరికే తెలుసు.

చేతులెత్తించింది. నందిని వైపు ముప్పై ఒకటి లేచాయి. ఇంటివైపు ఆరు. అయినా చివరి మాట మేడందే, మేడం చెప్పిందే పిల్లలు రాస్తారు. అందరూ ఆమెకేసి చూస్తున్నారు. ఆఖరి బెంచీలో పిల్ల కూడా చూస్తోంది.

కృపామణి ఆ పిల్లను అప్పుడు తేరిపార చూసింది. ఇన్నేళ్లూ ఎంత పెరిగిందో చూసుకుని మురిసిందే గానీ ఎంత అలిసిందో చూడలేదు. పద్దెనిమిది పీరియడ్లు కూడితే ఒక్క పగలు. ఒక్క పగటి బతుకు కోసం దీన్ని బెంచీకి కట్టేసి కూర్చోబెట్టింది తను.

"నందిని చెప్పింది నిజం" అంది. "వాళ్లు ఆస్పత్రికే పోయినారు. బిడ్డ పుట్టలేదు."

చెప్పి కళ్లు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి బెంచీ ఖాళీగా ఉంటుందనుకుంది. పిల్ల అక్కడే ఉంది. లేచి నిలబడి, మొదటిసారి నోరు తెరిచింది.

"ఆయమ్మ ఏడ్సిందా మేడం?"

కథలో ఆ మాట లేదు. గైడులోనూ లేదు.

"ఆ రోజు ఏడవలేదు నాయనా" అంది కృపామణి. "ఎవురన్నా సూస్తారని భయపడింది. ఆ తర్వాత ఏడవని రోజు లేదు."

పిల్ల సరేనన్నట్టు తలాడించి, బెంచీ చుట్టూ తిరిగి వచ్చింది. బెల్లు ఇంకా కొట్టలేదు. గురప్ప తలుపు తీసి పట్టుకున్నాడు. పిల్ల వరండాలోకి దిగి, తిన్నగా ఎండలోకి నడిచిపోయింది. కృపామణి సుద్దముక్క కింద పెట్టి, ఎవరికి తోచినట్టు వాళ్లు రాసుకోండమ్మా అని కుర్చీలో కూలబడింది.

సాయంత్రం నాలుగున్నరకు ఇంటికొచ్చేసరికి పాల్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. కంపెనీ బస్సు వచ్చే వేళ కాదది. యూనిఫాం పొద్దున ఇస్త్రీ చేసిన మడత నలగలేదు, కట్టిచ్చిన క్యారియర్ పక్కన అట్లే ఉంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని దానికేసి చూసుకుంటున్నాడు.

"ఏమైంది? చేతికేమన్నా తగిలిందా?"

"మణీ, ఈ పొద్దు పాప బయటికొచ్చింది."

ఆమె స్కూటీ తాళాలు మెట్టు మీద పెట్టింది.

"నువ్వు క్యాలెండర్లో గీసి పెడతావు గదా ఆ రోజు. ప్రతి ఏడూ లీవు పెట్టి వస్తాను. మీ కాలేజీ గేటుకెదురుగా నిలబడతాను. బెల్లు కొడతారు, పిలకాయిలందురూ వస్తారు, ఆ పాప మటుకు రాదు. సాయంత్రం దాకా సూసి వచ్చేస్తాను."

"ఇన్నేండ్లూనా?"

"లోపలికి రావాలంటే నాకు మొగం యాడుండాది మణీ? వద్దనింది నేనే గదా."

ఆమె మెట్టు మీద అతని పక్కన కూర్చుంది.

"ఆ పాపేనని నీకెట్ల తెలిసింది?"

"అచ్చం మాయమ్మ నడక. కొంచెం ఎడమ పక్కకు ఒరిగి నడ్సేది సూడు, అట్లే. గేటు కాడికొచ్చి అటూ ఇటూ సూస్తా ఉండాది. లారీలు ఒకదానెనక ఒకటి. రోడ్డు దాటేది తెలీదు పాపం, ఎప్పుడు దాటింది గనక? నేను పరిగెత్తినాను. చెయ్యి పట్టుకున్నాను."

"పట్టుకోనిచ్చిందా?"

"ఇచ్చింది. గట్టిగా పట్టుకున్నాది. అవతల పక్కకు పోయినాక కూడా కొంచేపు ఇడవలేదు. నేనెవుర్నని అడగలేదు, నేనూ సెప్పలేదు. తెలిసినట్లే ఉండాది. ఇంగ పోయొస్తానన్నట్టు తలూపి, కాళహస్తి పక్కకు నడ్సుకుంటా పోయింది. కనపడినంత దూరం సూసినాను."

"చెయ్యి ఎట్లుండాది?"

"వెచ్చగా ఉండాది మణీ. మామూలు బిడ్డ చెయ్యి మాదిరే."

ఆమె అతని ఒళ్లోంచి ఆ చెయ్యి తీసుకుని రెండు చేతుల్లో పెట్టుకుంది. అప్పుడేడ్చారు ఇద్దరూ, వీధిలోకి వినబడేంత గట్టిగా, ఎవరు చూస్తారని చూసుకోకుండా. పక్కింటి సిద్ధమ్మ గోడ మీదుగా తొంగి చూసి, ఏమీ అడక్కుండా లోపలికి పోయింది.

చీకటి పడే వేళకు కృపామణి అన్నం వండింది. పాల్ కంచం ముందు కూర్చున్నాడు గానీ చెయ్యి కడుక్కోలేదు. కడుక్కోమని ఆమె కూడా అనలేదు. తనే అన్నం కలిపి, ముద్దలు చేసి, అతనికి తినిపించింది.