కాపలావాళ్ల నిద్ర

ఆస్పత్రి ల్యాబులో అందరూ ఆమెను ముక్కలక్క అంటారు. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో బిగించి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలకల మీద పరచడం ఇరవై రెండేళ్లుగా ఆమె పని. కోసేటప్పుడు ఊపిరితిత్తి ముక్కలు గుసగుసలాడతాయి. ఆమెకొక్కదానికే వినిపిస్తుంది. అదేమీ వింతనుకోలేదెవరూ. పెద్ద డాక్టరైతే మైక్రోస్కోపులో కన్ను పెట్టేముందే, "ఏమంటోందమ్మా?" అని అడుగుతాడు.

మంచి ముక్క ఊరికే సణుగుతుంది. క్యాన్సర్ ముక్క మాత్రం పసిపిల్లల్ని జోకొడుతున్నట్టు మెత్తగా అంటుంది: "పడుకోండి... ఇక్కడెవరూ లేరు... పడుకోండి."

"అది ఆర్ఎన్ఏ పని," అన్నాడాయన ఒకసారి. "కణంలో ప్రొటీన్ల తయారీకి జన్యువుల కబురు మోసేది ఆర్ఎన్ఏ. కానీ కొన్ని ఆర్ఎన్ఏలతో ప్రొటీను తయారవదు. దేనికీ పనికిరావనుకున్నాం ఇన్నాళ్లూ. తీరా చూస్తే చాలా పెత్తనం వాటిదే. కొన్ని గడ్డతో చేతులు కలిపి, ఒంటికి కాపలా కాసే కణాల్ని నిద్రపుచ్చుతున్నాయి."

ఒక ఆదివారం తమ్ముడొచ్చి, ఆమె వంటింట్లో కారుతున్న కుళాయి బాగుచేస్తున్నాడు. బస్సు డ్రైవరు. సిగరెట్టు ముట్టి ఎరగడు. స్పానరు అందించబోయి వంగిందామె. అతని వీపులోంచి వినిపించింది.

"పడుకోండి..."

స్పానరు జారి కిందపడింది.

"ఒరేయ్, రేపే స్కాన్ తీయించుకో."

"నాకు దగ్గు కూడా లేదు కదక్కా!" నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "వినబడిందా?"

ఆమె తలూపింది. అతను కిందపడ్డ స్పానరు తీసి పక్కన పెట్టాడు. "అమ్మకు చెప్పకు," అన్నాడు.

స్కానులో బఠాణీ గింజంత మచ్చ కనబడింది. ఆపరేషన్ చేసి తీసేశారు. వేరేవాళ్లు కోస్తామన్నా వినకుండా ఆ ముక్కల్ని ఆమే కోసింది. గడ్డ చుట్టూ ఉన్న అంచుని చూసి పెద్ద డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

"అంచులో క్యాన్సర్ లేదమ్మా, శుభ్రంగా ఉంది."

ఆమె కదల్లేదు. "అది కూడా 'పడుకోండి' అంటోంది డాక్టరుగారూ. చాలా మెల్లగా."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కాపలావాళ్లని లేపే మందుంది. కానీ లేచాక వాళ్లు అయినవాళ్లని కూడా చూడరు. గుండెనో పేగుల్నో చితకబాదొచ్చు."

"లేపకపోతే?"

ఆయన క్యాన్సర్ డాక్టరుకి ఫోన్ కలిపాడు.

మూడోసారి మందెక్కించిన మధ్యాహ్నం, మంచం మీద కునుకు తీస్తున్న తమ్ముడి ఛాతీకి ఆమె చెవి ఆనించింది. జోకొట్టే గొంతు వినిపిస్తూనే ఉంది. దాని అడుగునెవరో గొంతు సవరించుకున్నారు.

"ఎవర్రా అక్కడ?"

గుసగుస ఠక్కున ఆగింది. లోపల ఒకరి వెనక ఒకరు లేస్తున్నారు. తమ్ముడి ఒళ్లు కాలిపోసాగింది. ఆమె నర్సు కోసం కేకేసింది.

ఆ జ్వరం పదకొండు రోజులు దిగలేదు. గుండె దెబ్బతింది. బతికాడు గానీ, మళ్లీ బస్సు నడపలేకపోయాడు. ఇప్పుడు డిపోలో కూర్చుని బస్సుల వేళలు రాస్తాడు. అక్క ఇంటికొచ్చినప్పుడల్లా చొక్కా గుండీలు విప్పి నిలబడతాడు. ఆమె చెవి ఆనించి వింటుంది.

లోపల ఇంకా ఎవరూ పడుకోలేదు.