సీరియల్ వాళ్ల ఆకలి

మణికొండ లేడీస్ హాస్టల్లో భాగ్యమ్మ పప్పుకు పోపు పెట్టిందంటే గచ్చిబౌలి ఫ్లైఓవర్ మీద బండ్లు ఆగిపోయేవి. అబద్ధమైతే ఆ ఫ్లైఓవర్‌నే అడగండి! రెండు పొయ్యిలు, ఒక్క గరిటె, అరవైమంది అమ్మాయిలు. కురుక్షేత్రంలో రెండు సేనలకూ వండినవాడికైనా ఇంత చెమట పట్టి ఉండదు. అయితేనేం, ఆ అరవైమందిలో ఒక్కతీ ఆమె ముఖం ఎరగదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, కళ్లు ఫోన్లో. ప్లేటు మాత్రం ముందుకొచ్చేది.

ఏడింటికల్లా గిన్నెలు హాల్లో సర్ది, భాగ్యమ్మ మేడ మీది తన గదికి చేరేది. మొగుడు పోయి పదకొండేళ్లు. ఆ గదిలో ఊపిరున్న వస్తువు టీవీ ఒక్కటే.

ఏడున్నరకు సీరియల్. ప్రకటనలు రాగానే ఆ ఇంటివాళ్లు తొమ్మిదిమందీ తెరలోంచి దిగి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చాప మీద వరసగా కూర్చునేవారు. పాపం, ఆకలి! ఏడేళ్లుగా వాళ్లింట్లో వడ్డించని పూట లేదు, ముద్ద నోట్లోకి పోయిన పూటా లేదు. కంచంలో చెయ్యి పెట్టడమే తడవు, ఎవరో గుమ్మంలో నిలబడి పిడుగులాంటి మాట అనేవారు. అందరూ లేచి నిలబడేవారు. ఇక్కడ మాత్రం భాగ్యమ్మ వడ్డిస్తే ప్రకటనలు అయ్యేలోగా గబగబా తినేవారు.

వాచ్‌మన్ తిరుపతికి ఇదో పరేషాన్.

"అక్కా, నీ చుట్టాలు రిజిస్టర్ల సంతకం పెడ్తలేరు."

"గేటు నుంచి వస్తె గద తమ్మీ, పెట్టనీకి!"

"గదీ నిజమే. కని ఎనిమిది దాటితే మగోళ్లుండొద్దు, జర చూస్కో."

గది నాలుగు మూలలకూ మాట వినబడాలని భాగ్యమ్మ టీవీ సౌండు ఆకాశానికి పెట్టేది. సీరియలన్నాక ఎవరో తలుపు కొడుతూనే ఉంటారు కదా. వాళ్లు చాప మీద తింటున్నప్పుడు తలుపు చప్పుడైనా, "మీ ఇంటికే ఎవరో వచ్చిండ్రు, పోండి" అనేది. సీరియల్లోని అత్తగారు ఏదో చెప్పబోయేది. ఈలోగా ప్రకటనలు అయిపోయేవి.

శుక్రవారం ఆఖరి భాగం. భాగ్యమ్మ బగారన్నం, పులిహోర, భక్ష్యాలు చేసింది. తనకో బట్టల మూట కూడా కట్టుకుంది.

"రేపటి సంది నేనెవరితోని తినాలె? నన్నుగూడ తీస్కపో అమ్మా. మీ ఇంట్ల వంటామె లేదు గద."

"మా ఇంట్లో వంటతో పనేముందండీ?" అంది అత్తగారు. "తినేదెవరు?"

అయినా ఆవిడ పెద్దకొడుకు మధుసూదన్ తెర లోపలినుంచి చెయ్యి అందించాడు. భాగ్యమ్మ మూట చంకన పెట్టుకుని, ఒక కాలు తెర అంచు దాటించింది.

టక్, టక్.

"మీ తలుపే," అంది భాగ్యమ్మ.

"ఏడేళ్లు విన్నాను, మా తలుపు చప్పుడు నాకు తెలియదా?"

అత్తగారు చాప మీది రిమోట్ తీసి, టీవీ గొంతు నొక్కేసింది. రెండువేల ఎపిసోడ్లుగా ఆవిడ ఎదురుచూసిన పెద్ద డైలాగు అప్పుడే మొదలు కావాలి. ఆవిడే భాగ్యమ్మ కాలును నెమ్మదిగా బయటికి తీసి, నేల మీద పెట్టి, తానొక్కతే తెరలోకి వెళ్లిపోయింది.

గదిలో ఫ్యాను చప్పుడు మిగిలింది. మళ్లీ టక్, టక్.

తలుపు తీస్తే బక్కపలచటి అమ్మాయి, చేతిలో ప్లేటు. అన్నం చల్లారిపోయింది.

"ఆంటీ, రోజూ కొడ్తున్న. మీకు ఇనవడ్తలేదు. కింద ఒక్కదాన్నే తినబుద్ధయితలేదు."

"నా పేరెర్కనా నీకు?"

"లేదు."

"భాగ్యమ్మ."

"హరిత."

వెనక తెర మీద అత్తగారు చేతులు పైకెత్తి, కళ్లనీళ్లతో ఏదో చెబుతోంది. ఏం చెప్పిందో భాగ్యమ్మకు ఇప్పటికీ తెలియదు. తిరిగి చూసేసరికి శుభం కార్డు పడింది.

హరిత చాప అంచున కూర్చుని, బగారన్నం కలిపి ముద్ద ఎత్తింది. భాగ్యమ్మ గుమ్మం వైపు చూసింది.

ఎవరూ రాలేదు. ముద్ద నోట్లోకి పోయింది.