ముందే అయిపోయిన అరగంట

కోడలు కుర్చీలో కూర్చుందన్న మాటే గాని కూర్చున్న సుఖం లేదు. ఒక కాలు మడిచి పైన పెట్టుకుంది, కాసేపటికి అది దించి రెండోది మడిచింది. కాలుగాలిన పిల్లికి అటూ ఇటూ తిరిగే వీలైనా ఉంటుంది. ఈవిడకి అదీ లేదు. మిషన్లో టేపు తిరుగుతున్నంతసేపూ పక్కన మనిషి ఉండాల్సిందే. అరగంట టేపు కంప్యూటర్లోకి ఎక్కాలంటే అరగంటా పడుతుంది, మంట పెంచి తొందరపెట్టడానికి అదేం పొయ్యి కాదు.

రేడియో స్టేషన్లో పాత రికార్డింగులు దాచే గది అది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దవైన డిజిటల్ టేపుల్ని ఒక్కొక్కటిగా కంప్యూటర్లోకి ఎక్కించడం ఆవిడ ఉద్యోగం. మిషను ముసలిదైపోయింది. పొద్దున్నే ఎవరిదో ఎరువుల మీద ప్రసంగాన్ని నమిలి ఉమ్మేసింది. దాన్ని తుడిచి, బతిమాలి, గుండె చిక్కబట్టుకుని ఇప్పుడు పెట్టిన టేపు సాక్షాత్తూ అత్తగారిది.

అత్తగారు ఇక్కడే అనౌన్సరుగా చేసి రిటైరయ్యారు. తర్వాత గొంతుకు ఆపరేషనై, ప్రాణం దక్కింది గాని గొంతు పోయింది. ఇప్పుడున్నది గుసగుస మాత్రమే. ఆవిడ చదివిన కార్యక్రమాల టేపుల మీద ఆఫీసువాళ్లు వేరేవేవో రికార్డు చేసేసుకున్నారు. మిగిలింది ఈ ఒక్కటే. ఇదీ నలిగితే ఆవిడ గొంతు రెండోసారి పోయినట్టే.

అందుకే పని అయ్యేదాకా ఆవిణ్ణి తీసుకురావద్దని ఆడపడుచుకి చిలక్కి చెప్పినట్టు చెప్పింది. ఆడపడుచు వింటేగా. అమ్మ ఆత్రపడుతోందంటూ తన ఆత్రాన్ని కూడా వెంటబెట్టుకుని దిగిపోయింది. తల్లీకూతుళ్లిద్దరూ వెనకాల బల్ల మీద కూర్చున్నారు. ఇక కోడలు ఒక కన్ను మిషను ఎర్ర దీపం మీద, ఇంకో కన్ను గోడ గడియారం మీద వేసింది. ఆ దీపం వెలిగితే టేపు పాడవుతున్నట్టు. గడియారం సంగతంటారా, ఇంకెంతసేపు ఈ ముళ్లమీద కూర్చోవాలో లెక్కచూసుకోవడానికి.

టేపులోంచి రేడియోలో టైము చెప్పే ఎనిమిది గంటల కూతలు వినిపించాయి. వెనకే, "శ్రోతలకు నమస్కారం" అంది ఒక గొంతు. పల్చగా, చురుగ్గా, ఇరవై ఏళ్ల పిల్ల గొంతులా ఉంది. కోడలికి కొత్తగా అనిపించింది. అయినా అత్తగారు మాట్లాడగా విని ఏళ్లు గడిచాయి. పైగా రేడియోకీ ఇంటికీ ఒకే గొంతు వాడాలని ఎక్కడుంది?

"వింటున్నావా వదినా? కోయిలే," అంది ఆడపడుచు. "ఇంట్లో అరిచి అరిచి పాడైపోయింది గాని. ఎవరి మీద అరిచిందో నేను చెప్పక్కర్లేదనుకో."

అత్తగారి మొహం విచ్చుకుంది. చెంపకు చెయ్యి ఆనించుకుని తన గొంతు తనే వింటూ మురిసిపోతున్నారు.

ఎర్ర దీపం వెలగలేదు. ఎనిమిదిన్నర కూతలు మోగాయి. కోడలు హమ్మయ్య అనుకుని గడియారం వైపు చూసి ఆగిపోయింది. అరగంట కావడానికి ఇంకా రెండు నిమిషాల పైచిలుకు ఉంది.

అత్తగారు ముందే ముగించేశారా? కొడుకు పెళ్లి ఫొటోల్లో కూడా కెమెరాని వదిలేసి గడియారాన్ని చూస్తున్న మనిషి ఆవిడ. ఆవిడ తొందరపడ్డా కూతలు తొందరపడవు కదా.

కంప్యూటరు వైపు తిరిగి చూస్తే సంగతి తెలిసింది. ఈ టేపుల్లో రెండు వేగాలవి ఉంటాయి. ఏది ఏ వేగానిదో మనమే చెప్పాలి. హడావుడిలో నిన్నటి టేపుల వేగమే ఉంచేసింది. వేగం ఎక్కువైతే గొంతూ పల్చబడుతుంది. టేపు మళ్లీ తిప్పే పని లేదు. అక్షరాలన్నీ సరిగ్గానే ఎక్కాయి, వాటిని చదివే కంప్యూటరే పరుగెడుతోంది. వేగం మారిస్తే చాలు.

మార్చడం చిటికెలో పని. చెప్పడమే కష్టం. నోరు మూసుకుంటే అందరికీ సంతోషమే. పోయేది రెండు నిమిషాలు, ఎవరడుగుతారు? కాని ఇక ఎప్పటికీ అత్తగారంటే ఆ పరాయి పిల్లే అయిపోతుంది.

"అత్తయ్యా, అది మీ గొంతు కాదు," అంది.

"మరెవరిది, మీ అమ్మదా?" అంది ఆడపడుచు.

కోడలు వేగం మార్చి, మొదటినుంచి వినిపించింది.

"శ్రోతలకు నమస్కారం."

బరువుగా, నిదానంగా, ఎదుటివాడు వినకపోతే వాడికే నష్టం అన్నట్టుండే గొంతు. వంటింటి గుమ్మంలో వినిపిస్తే చేతిలో గిన్నె జారిపోయే గొంతు. కోడలు మడిచిపెట్టుకున్న కాలు తనంతట తానే కుర్చీ మీంచి కిందికి దిగిపోయింది.

ఆడపడుచు బల్ల మీద సర్దుకుని నిటారుగా కూర్చుంది. అత్తగారి మొహంలో ఇందాకటి మురిపెం లేదు. గోడ గడియారాన్నే చూస్తూ, కదలకుండా, చివరిదాకా విన్నారు. పెద్దముల్లు సరిగ్గా అరగంట తిరిగేసరికి ఎనిమిదిన్నర కూతలు మోగాక, పని పూర్తయినట్టు తలాడించారు.

తర్వాత లేచి కోడలి కుర్చీ దగ్గరకొచ్చి, చెవి దగ్గర వంగి గుసగుసగా అన్నారు.

"కాలు పైన పెట్టుకో తల్లీ. అది టేపేగా."