అంచు రాళ్ళ మధ్య ఖాళీ

మా ఇంటికీ మా ఆఫీసుకీ మధ్య పద్దెనిమిది మెట్లు. కింద ఆఫీసు, పైన మేము. ఇరవై రెండేళ్ళుగా ఉద్యోగానికి దిగుతున్నాను, సంసారానికి ఎక్కుతున్నాను. వీధిలోకి వెళ్ళాలన్నా ఆఫీసు మధ్యలోంచే వెళ్ళాలి.

ఆఫీసు మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. భవనాల చుట్టూ తోటలూ ఆవరణలూ రూపుదిద్దే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టు ఆయన, నేనూ అంతే. కాకపోతే డ్రాయింగు నేను గీస్తాను, కింద పేరు గడిలో ఆయన పేరు పడుతుంది. అది రాసేది కూడా నేనే. పెళ్ళయిన కొత్తలో "సంస్థకి ఒక్క పేరే ఉండాలమ్మాయ్" అన్నారు. కొత్త కోడలిని కదా, తల ఊపాను. ఆ ఊపుడు ఇంకా ఆగలేదు.

ఈ ఏడాది ఒక ఫెలోషిప్ ప్రకటన చూశాను. పదిహేనేళ్ళకు పైగా అనుభవం ఉన్న ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్టులకు ఏడాదిపాటు ఉద్యోగం నుంచి విడుదల, సొంత ఆలోచనని సొంతంగా చేసి చూసుకునే వీలు. విడుదల అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి. మా ఆయనకి తప్ప ఎవరికీ చెప్పకుండా దరఖాస్తు పెట్టాను. తుది జాబితాలో పేరు వచ్చింది. ఇక సోమవారంలోగా రెండు కాగితాలు పంపాలి. ఒకటి యజమాని ఒప్పుకుంటూ ఇచ్చిన ఉత్తరం. రెండోది ఆ ఆలోచనతో ఇప్పటికే కట్టిన స్థలం డ్రాయింగు, దాని మీద నా పేరు, నా సంతకం.

స్థలం ఉంది. డ్రాయింగే లేదు.

నా ఆలోచన పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. పార్కింగులో పడ్డ వాన నీరు మొక్కల మడుల్లోకి ఇంకాలి. మడిని నేలకన్నా జానెడు లోతుగా ఉంచి, చుట్టూ పేర్చే అంచు రాళ్ళ మధ్య అక్కడక్కడా బెత్తెడు ఖాళీ వదిలితే చాలు. బావగారికి ఇది గిట్టదు. రాయికీ రాయికీ మధ్య చీమ దూరకూడదు, నీరంతా వాలు మీదుగా కాలవలోకి పోవాలి, ఇదీ ఆయన పద్ధతి. రెండుసార్లు గీసి చూపించాను. రెండుసార్లూ ఎర్ర పెన్సిలుతో కొట్టేశారు. మూడోసారి ఆయనకి నచ్చినట్టే గీసి, సైటుకి వెళ్ళి మేస్త్రి చెవిలో చెప్పాను.

అలా ఆస్పత్రి పార్కింగులో పదకొండు ఖాళీలు పెట్టించాను. మొక్కలు కమ్మేసి అవి పైకి కనపడవు. ఆరేళ్ళుగా అక్కడ నీరు నిలవలేదు. బావగారు వచ్చినవాళ్ళందరికీ ఆ పార్కింగు చూపించి తన వాలు గొప్ప చెప్పుకుంటారు. సొమ్మొకడిది సోకొకడిది. నేను పక్కన నిలబడి లోలోపల నవ్వుకునేదాన్ని. నాకన్నా తెలివైనది లేదనుకున్నాను.

ఇప్పుడు ఆ తెలివే మెడకి చుట్టుకుంది. నిజం చెబితే బావగారు ఉత్తరం ఇవ్వరు, చెప్పకపోతే డ్రాయింగు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మా ఆయన్ని అడిగితే ముందు ఉత్తరం తీసుకో, మిగతాది తర్వాత చూద్దాం అన్నారు. ఆయనకి ఏదైనా తర్వాతే. పెళ్ళిచూపులకి కూడా అందరి తర్వాతే వచ్చారు.

గురువారం పొద్దున్న ఉత్తరం టైపు చేసుకుని కిందికి దిగాను. బావగారి గదిలో మేస్త్రి నిలబడి ఉన్నాడు. ఆస్పత్రివాళ్ళు మడుల్లో కలుపు తీయిస్తుంటే ఖాళీలు బయటపడ్డాయట. బావగారు ముందురోజే వాటన్నిటినీ సిమెంటుతో పూడ్పించేశారు. ఇక మన సైట్లకి రావద్దని ఇప్పుడు మేస్త్రికి చెబుతున్నారు.

"ఇన్నేళ్ళ పనివాడివి. రాయి పక్కన రాయి పెట్టడం రాదా?"

మేస్త్రి నా వైపు చూడలేదు. చూస్తే బావగారికి తెలిసిపోతుందని చూడలేదు.

"పొరపాటైంది సార్" అన్నాడు.

నోరు తెరవాల్సింది అప్పుడే. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బావగారు నా చేతిలో కాగితం తీసుకుని చదివారు. నీ పేరు మీద చూపించడానికి ఏముందమ్మాయ్ అంటూనే సంతకం పెట్టేశారు. నాకు ఆ ఫెలోషిప్ రాదని ఆయనకి అంత నమ్మకం. మేస్త్రి సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. నా మీద నాకే అసహ్యం వేసింది. అయినా ఉత్తరం మడత నలగకుండా బీరువాలో పెట్టాను.

శనివారం మధ్యాహ్నం వాన దంచి కొట్టింది. ఆస్పత్రి నుంచి ఫోను వస్తే బావగారూ నేనూ వెళ్ళాం. పార్కింగులో అంచు రాళ్ళ పైఅంచుదాకా పిక్కల లోతు నీళ్ళు. ఒక ముసలాయన్ని మంచంతో సహా నలుగురు పైకెత్తి లోపలికి మోస్తున్నారు. బావగారు ప్యాంటు మడుచుకుని నీళ్ళ మధ్య నిలబడి కాలవ వైపు, గేటు వైపు, మళ్ళీ కాలవ వైపు చూశారు. ఇదీ ఆ మేస్త్రి నిర్వాకమే అయివుంటుంది, వాడి మీద ఫిర్యాదు రాస్తాను అన్నారు.

ఇక నా వల్ల కాలేదు. వాచ్‌మన్ దగ్గర గడ్డపార అడిగి తీసుకున్నాను. నీళ్ళలో చేత్తో తడుముకుంటూ మొదటి పూడిక దొరకబుచ్చుకుని పొడిచాను. పచ్చి సిమెంటు, నాలుగు పోట్లకే విరిగింది. నీళ్ళు గళగళమంటూ మడిలోకి జారాయి. రెండోది, మూడోది. బావగారు నా వెనకే నడుస్తూ వచ్చారు. అయిదో దాని దగ్గర ఆగారు.

"ఇవి పెట్టమన్నది నువ్వా?"

"నేనే బావగారూ. మేస్త్రికేం తెలీదు, నేను చెప్పిందే చేశాడు."

"డ్రాయింగులో ఎందుకు లేవు?"

"గీస్తే మీరు కొట్టేసేవాళ్ళు."

ఆయన మడిలోకి పోతున్న నీళ్ళ వైపు చూశారు.

"కొట్టేసేవాణ్ణే" అన్నారు.

తడిబట్టలతోనే ఆఫీసుకి వచ్చాం. బావగారు నా బల్ల మీద కొత్త కాగితం పరిచారు. కట్టినదానికీ డ్రాయింగుకీ పొంతన ఎందుకు లేదని సోమవారం ఆస్పత్రివాళ్ళు అడుగుతారని చెప్పారు.

"ఉన్నది ఉన్నట్టు గీయి. పేరు గడిలో నీ పేరు రాసి సంతకం పెట్టు. జవాబు కూడా నువ్వే చెప్పుకోవాలి. మేస్త్రికి నేను కబురు చేస్తాను."

ఆ ఒక్క కాగితమే ఫెలోషిప్ వాళ్ళకి నా పని, ఆస్పత్రివాళ్ళకి నా నేరం. ఒకచోట ఏడాది విడుదల, రెండోచోట లైసెన్సుకే ఎసరు. ఉత్తరం మాత్రం ఆయన వెనక్కి అడగలేదు. నాకు దారి ఇస్తున్నారో, తన మెడ తప్పించుకుంటున్నారో ఆ ముఖంలో ఎంత వెతికినా తెలియలేదు. రెండూ అయివుండాలి.

గీశాను. పదకొండు ఖాళీలూ, వాటి కొలతలూ, మడి లోతూ. ఆరేళ్ళు మనసులో మోసింది గంటలో కాగితం మీదికి వచ్చేసింది. పెన్సిలు పేరు గడి దగ్గరికి వచ్చింది, ఆగకుండా రాసేసింది. చూసుకుంటే అది బావగారి పేరు.

ఆయన సొరుగు తీసి రబ్బరు నా వైపు జరిపారు.

చెరిపాను. నొక్కి రాసే అలవాటు నాది, ఎంత చెరిపినా గాటు పోలేదు. దాని మీదే నా పేరు రాసుకున్నాను.