ముప్పై తొమ్మిదో రోజు

చారులో ఉప్పు సరిపోయిందో లేదోనని అరచేతిలో రెండు చుక్కలు వేసుకుని నాలుకకు తగిలించుకుంది ఇంద్రజ. మింగాక గుర్తొచ్చింది, తను ఉపవాసంలో ఉందని.

కూతురు అక్షర గుండెలో రంధ్రం ఉందని తెలిసిన రోజున ప్రభువుకు మొక్కుకుంది, నలభై రోజులు పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్లయినా ముట్టనని. ఇది ముప్పై తొమ్మిదో రోజు. రేపే సాకేత్ ఆసుపత్రిలో ఆపరేషన్. ఇంకో గంటలో ఇందిరాపురం నుంచి బయల్దేరాలి.

సింకులో ఉమ్మింది, గొంతులో వేలు పెట్టుకుంది. మింగింది తిరిగొస్తుందా? ఆమె పనిచేసే సర్కారు ఆఫీసులో ఒక్క సంతకం తక్కువైనా ఫైలు వెనక్కొచ్చేస్తుంది. దేవుడి దగ్గరా అంతేననుకుంది పిచ్చిది.

"మమ్మీ, ఖానా?" అని హాల్లోంచి హిందీలో అన్నం అడిగింది అక్షర. ఇంద్రజ ఆ పిల్ల నీలం పెదవుల వైపు చూసింది. తన తప్పు పిల్లకు తగులుతుంది. ఇక సందేహం లేదు.

గుంటూరు నుంచి వచ్చిన అత్తగారు కరుణమ్మ నియమాలకు పెట్టింది పేరు. ఆదివారం సూది కూడా ముట్టదు. ఆమె ముందు నిలబడి ఇంద్రజ జరిగింది చెప్పేసింది. ఇంకా ఆలస్యం చేస్తే ప్రమాదమని డాక్టరు చెప్పిన సంగతి తెలిసీ, ఆపరేషన్ వాయిదా వేయించి ఉపవాసం మళ్లీ మొదటి రోజు నుంచి పడతానంటూ ఫోను తీసింది.

కరుణమ్మ ఆ ఫోను లాక్కుంది.

"మా పెద్దోడికి కామెర్లొచ్చినప్పుడు నేనూ పట్టానమ్మా నలభై రోజులు. ఒక్క పూట తప్పలా. వాడు బతకలా."

బావగారు చిన్నతనంలోనే పోయారని ఇంద్రజకు తెలుసు. ఈ ఉపవాసం సంగతి ఎవరూ చెప్పలేదు. మరి ఇంకా ఎందుకుంటున్నారు ఉపవాసాలని అడిగింది.

"వాడు పోయిన రోజు ప్రభువుని నోటికొచ్చినట్టు తిట్టా. అయినా నన్నొదల్లా. అందుకుంటున్నా. నా నిష్ఠ వాణ్ణి బతికించలేదు, నీ పొరపాటు దీన్ని చంపదు. ఆయన మన కోసం ప్రాణం పెట్టింది మనం తప్పు చెయ్యని వాళ్లమని కాదు."

ఇంద్రజ ఏడ్చింది. భయం మాత్రం పోలేదు. పైగా ఇప్పుడు దేవుడికి చూపించుకోవడానికి ఉపవాసం కూడా లేదు.

ఆసుపత్రికి బయల్దేరి, లిఫ్టులో పిల్లను గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంది. ముప్పై తొమ్మిది రోజులుగా నోటికొచ్చిన ప్రార్థనల్లో ఒక్కటీ గుర్తురాలేదు.

"నా దగ్గరేం లేదు ప్రభువా," అంది. "పిల్లను చూడు."