సారియా ఊదే కొలిమి

తెల్లవారేసరికి ఆ పాకలో కొలిమి రాజుకునే ఉండేది. మరపి కొండ వాలులో తిత్తులంటే నిలువుగా పాతిన రెండు లావాటి వెదురు గొట్టాలు, వాటిలో ఈకలు చుట్టిన కర్రలు. ఆ కర్రలు వాటంతటవే లేచి దిగుతుండేవి. కమ్మరి మాలిన్ బాసా తల్లి సారియా చచ్చిపోయి ఏళ్లు గడిచినా తిత్తులూదే పని మానలేదు, అంతే. ఆమెకని పక్కన ఓ తమలపాకు పెట్టి, ఎవరి సుత్తి వాళ్లు అందుకునేవారు.

డచ్చివాళ్ల ఫిరంగులు లోయలోకి దిగాక కొడవళ్లు మానేసి తుపాకీ గొట్టాలు చేశారు. ఎవడి ఊళ్లోకి ఎవడొచ్చాడని? చేతులు ముడుచుకు కూర్చుంటారా మరి!

ఇనుప రేకు చుట్టిన గొట్టానికి అతుకు ఎవరు వేస్తే, మొదటి గుండు వాళ్లే తుపాకీ చెంపకి ఆనించి పేల్చాలి. ఆ తర్వాతే అది పోరాడేవాళ్ల చేతికి వెళ్లాలి. అక్కడి కట్టుబాటు అది. ఆ పూట వంతు మాలిన్ మేనల్లుడు సిదిక్‌ది. రెనోతో పెళ్లయి నెల కాలేదు.

పెద్దలు వాకిట్లో నిలబడ్డారు. సిదిక్ మందు దట్టించి, కొలిమి దగ్గర వత్తి అంటించుకున్నాడు. తిత్తుల గాలి నిప్పుల్ని వదిలేసి వత్తి మీదికి బుస్సున వచ్చింది. ఆరిపోయింది. మళ్లీ అంటించాడు. మళ్లీ అంతే.

"చేతులు వణుకుతున్నాయా అబ్బాయ్? పట్టుకోడానికి పెళ్లాన్ని పిలవమంటావా?" అన్నాడో ముసలాయన. అందరూ నవ్వారు.

మాలిన్‌కి తల కొట్టేసినట్టయింది. "పదిమందిలో పరువు తీయకే అమ్మా!" అని అరిచి, వత్తి తనే లాక్కున్నాడు.

కర్రలు ఆగిపోయాయి. సారియా పోయిన రోజు కూడా ఆగని కర్రలవి.

మాలిన్ గొంతు తగ్గింది. "ఒరేయ్, అతుకు వేసేటప్పుడు కిటికీ పలక తీశావా?"

"రెనో నీళ్లకి వెళ్తుంటే... చూద్దామని, మామా."

"వెధవా! వెలుతురు పడితే ఇనుము రంగు తెలిసి చస్తుందా? ఇంకా కాలలేదనుకుని మాడ్చేశావు!"

మందు గీకి తీసి, వత్తి ముట్టించే రంధ్రం మైనంతో మూసి, గొట్టం నిండా నీళ్లు పోశారు. అతుకు మీద చెమట పట్టినట్టు బొట్లు లేచాయి, సరిగ్గా చెంప ఆనేచోట. ఇందాక వెక్కిరించిన ముసలాయన వంగి ఆ బొట్లని వేలితో తడిమాడు. రెనో పరుగున వచ్చి, అందరూ చూస్తుండగానే మొగుడి చెంప మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉండిపోయింది.

"పోండి, అన్నం తిని రండి. మళ్లీ అతుకుదాం," అని మాలిన్ వాళ్లని పంపేశాడు. వెదురు గొట్టాల వెనక బల్ల మీదికెక్కి, కర్రలు రెండూ పట్టుకున్నాడు.

"లేమ్మా. ఈపూట నేను ఊదుతా."

కర్రలు కాసేపు మొండికేశాయి. తర్వాత వాటి బరువు మెల్లగా అతని చేతుల్లోకి దిగింది. ఇంత బరువని అతనికి ఇన్నాళ్లూ తెలియదు.